గత పది, రాబోయే ఆరు

డెట్రాయిట్ బేస్‌బాల్ టీమ్ నిన్న ఎవరితో ఆడిందో, ఎంతకెంత ఓడిందో, ఇవాళ ఎవరితో ఆడబోతోందో నా ఫోన్‌కి రోజూ పొద్దున్నే మెసేజ్ వస్తుంది. నాకు ఆ ఆట ఓ పట్టాన అర్థం కాదు. డెట్రాయిట్ పక్కన నోవైలో పదకొండేళ్ళుగా ఉంటున్నాను, కార్ల బ్రేకులు పరీక్షించే ఉద్యోగం చేస్తున్నాను, స్టేడియం గడప ఇంతవరకూ తొక్కలేదు. ఆ మెసేజ్‌లు పెట్టించుకున్నది ఒక డాక్టరుగారి కోసం. ఆయన ఈ ఫిబ్రవరిలో పోయారు. మార్చి ఆఖర్లో కొత్త సీజన్ మొదలైంది, మెసేజ్‌లూ మొదలయ్యాయి. ఆఫీసులో మీటింగ్ మధ్యలో ఫోన్ టింగుమంది. మొదటి మ్యాచ్ ఓడిపోయారట. ఎవరికి చెప్పాలో తోచక ఫోన్ బోర్లా పెట్టాను.

ఆయన పరిచయమైంది గుడి పక్క హాల్లో. ఆదివారాలు పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా అక్కడ ఉచిత క్లినిక్ నడుస్తుంది. ఇన్సూరెన్స్ లేనివాళ్ళు వస్తారు. చుట్టపుచూపుగా వచ్చి, తెచ్చుకున్న బీపీ మాత్రలు అయిపోయినవాళ్ళు, రెస్టారెంట్లలో వంటవాళ్ళు, గ్యాస్ స్టేషన్లలో పనిచేసేవాళ్ళు, ఉద్యోగం పోయి ఇంకోటి దొరకనివాళ్ళు. నేను ముందు బల్ల దగ్గర కూర్చుని ఫారాలు నింపేదాన్ని. ఆయన లోపలి గదిలో రోగుల్ని చూసేవారు. అప్పటికే ఆయనకి డెబ్బై ఆరు దాటాయి. కాకినాడలో చదివి, ఇక్కడ మిషిగన్‌లో నలభై ఏళ్ళు ప్రాక్టీసు చేసి రిటైరయ్యారు. అంతకన్నా ఆయన చరిత్ర నాకు పెద్దగా తెలియదు, చెప్పాలని ఆయన ఏనాడూ ఉబలాటపడనూ లేదు.

సన్నగా, పొడుగ్గా, జూలైలో కూడా బూడిదరంగు స్వెటర్ వేసుకుని ఉండేవారు. బీపీ మెషీన్ పక్కనే ఉన్నా ముందు రోగి మణికట్టు పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఏదో పాట వింటున్నట్టు తలాడించేవారు. ఇండియా నుంచి తెచ్చుకున్న మందుల స్ట్రిప్పుల్ని కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టి తారీఖు చదివేవారు. "ఇది నాకంటే ముందే రిటైరైపోయిందండీ, పారేయండి" అనేవారు. భయపడుతూ వచ్చిన ముసలావిడ ఆ మాటకి నవ్వితే, అప్పుడు అసలు ప్రశ్న అడిగేవారు. ఆయనకి అదొక పద్ధతి. నవ్విన మనిషి అబద్ధం చెప్పడట.

ఇంకో పద్ధతి కూడా ఉండేది. ఎనిమిదిన్నరకల్లా వచ్చి, కాఫీ ఫ్లాస్కు నా బల్ల మీద పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని, స్కూల్లో పద్యం అప్పజెప్పే పిల్లాడిలా నిలబడేవారు.

"ఏంటమ్మాయ్, ఫోన్ తీశావా? గత పది చెబుతాను, చూసుకో. తప్పు చెబితే ఆపు."

గత పది అంటే టీమ్ ఆడిన చివరి పది మ్యాచ్‌లు. నిన్నటి నుంచి వెనక్కి చెప్పుకుంటూ వెళ్ళేవారు. ఎవరితో, ఇక్కడా అక్కడా, గెలుపా ఓటమా, ఎన్ని పరుగులు. అవి అయ్యాక రాబోయే ఆరు. ఏ రోజు, ఏ ఊళ్ళో, ఎన్నింటికి. ఆ ఆట మార్చి ఆఖరు నుంచి సెప్టెంబరు దాకా దాదాపు రోజూ ఉంటుంది కాబట్టి వారం వారం జాబితా అంతా మారిపోతుంది. ఆయన ఒక్కటి తప్పేవారు కాదు. చివర "అంతేనా?" అని అడిగేవారు. నేను "అంతేనండీ" అనేదాన్ని. మూతలో సగం కాఫీ పోసుకుని, "అయితే పద, రోగుల్ని రమ్మను" అనేవారు.

పెద్దాయనకి బేస్‌బాల్ పిచ్చి అనుకున్నాను. మొదటి వేసవి సగం గడిచేసరికి, ఈ పిచ్చి అదో రకంగా ఉందే అనిపించడం మొదలైంది. పిచ్చి ఉన్నవాళ్ళని మా ఆఫీసులో నేను చూస్తూనే ఉంటాను. టోపీ పెడతారు, చొక్కా తొడుగుతారు, ఓడిన మర్నాడు మాట్లాడరు. ఈయనకి టోపీ లేదు. గెలుపూ ఓటమీ ఒకే గొంతుతో, రక్తపరీక్ష రిపోర్టు చదివినట్టు చదివేవారు. వరసగా ఏడు ఓడిన వారం కూడా "ఓటమి, ఓటమి, ఓటమి" అని హాయిగా అప్పజెప్పి కాఫీ తాగారు. ఒకసారి మా ఆఫీసువాళ్ళు టికెట్లు పంచితే రెండు ఆయనకి ఇవ్వబోయాను.

"స్టేడియానికా? ఎందుకు?" అన్నారు, నేనేదో చంద్రమండలానికి రమ్మన్నట్టు.

"మీకిష్టం కదండీ."

"నాకిష్టమని ఎవరు చెప్పారు?"

ఇంకోసారి, ఈ టీమ్ పాతరోజుల్లో కప్పు గెలిచిందట కదా, అప్పుడు మీరు ఇక్కడే ఉన్నారా అని అడిగాను. ఎవరైనా ఆ ప్రశ్నకి గంటసేపు చెబుతారు. ఆయన చెయ్యి ఊపేశారు. "అది ఎవడికైనా గుర్తుంటుందమ్మాయ్. నువ్వు మొన్న మంగళవారంది అడుగు."

చలికాలం బేస్‌బాల్ ఉండదు. అప్పుడు బాస్కెట్‌బాల్‌కి మారేవారు, కానీ మొహం వెలవెలబోయేది. "వారానికి మూడే ఆడుతున్నారు. సరిపోదు" అని గొణిగేవారు. దేనికి సరిపోదో నాకు అర్థమయ్యేది కాదు. అడిగితే, మంచు బాగా పడిందంటూ మాట మార్చేసేవారు. ఆటగాళ్ళ పేర్లు మాత్రం ఎప్పుడూ చెప్పేవారు కాదు. "ఆ ఎడంచేతివాడు", "ఆ గడ్డంవాడు" అనేవారు. పేర్లు కూడా నేర్చుకోవచ్చుగా అంటే, "పేర్లు మర్చిపోవడం జబ్బు కాదు. దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు" అన్నారు. ఆ మాట నేను ఎంతో కాలం తిప్పి తిప్పి చూసుకున్నాను. ఏ లెక్క, ఎవరి లెక్క?

మూడో వేసవి, జూన్‌లో ఒక ఆదివారం, గత పదిలో ఆరోది చెబుతూ క్లీవ్‌లాండ్ మీద గెలిచాం అన్నారు. ఫోన్‌లో చూస్తే ఓడిపోయారు. నేను తలెత్తాను. ఆయన ఎదురుగా నిలబడి ఉన్నారు, చేతులు వెనక్కి కట్టుకుని. పక్కనే ఇద్దరు వాలంటీర్లు కుర్చీలు సర్దుతున్నారు. బోడి బేస్‌బాల్ స్కోరు గురించి, ఎనభై దగ్గరపడ్డ మనిషిని, పదిమందిలో, "తప్పండీ" అని ఎవరంటారు? మా తాతయ్య ఒకే కథని నాలుగు రకాలుగా చెబితే నాలుగుసార్లూ ఊఁ కొట్టిన ఇంట్లో పెరిగాను నేను. "అంతేనా?" అన్నారాయన. "అంతేనండీ" అన్నాను.

తరవాతి ఆదివారం మూడు తప్పారు. ఆ పై వారం నాలుగు. రెండుసార్లూ "అంతేనండీ" అన్నాను. పైగా చాలా మర్యాదగా ప్రవర్తించానని లోపల్లోపల మురిసిపోయాను కూడా.

ఆ నాలుగు తప్పిన రోజునే, గుంటూరు నుంచి కూతురి దగ్గరికి వచ్చిన ఒకావిడ చూపించుకోవడానికి వచ్చింది. ఆవిడకి సల్ఫా మందులు పడవు. వేసుకుంటే ఒళ్ళంతా దద్దుర్లొచ్చి ఊపిరాడదు. ఫారం మీద ఎర్ర ఇంకుతో రాసి, కింద రెండు గీతలు కూడా గీశాను. లోపల డాక్టరుగారితో ఆవిడే స్వయంగా చెప్పింది. ఆయన అన్నీ విన్నారు, మణికట్టు పట్టుకున్నారు, నవ్వించారు, చివరకి సల్ఫా మందే రాశారు.

మందులిచ్చే బల్ల దగ్గర ఉండేది ఇక్కడే పుట్టి పెరిగిన ఫార్మసిస్ట్ పిల్ల. తెలుగు తడుముకుంటూ మాట్లాడుతుంది, కానీ కాగితం రెండుసార్లు చదువుతుంది. చీటీ పట్టుకుని ఆయన గది గుమ్మం దగ్గరికి వెళ్ళింది.

"అంకుల్, సారీ. ఈ ఆంటీకి సల్ఫా అలర్జీ ఉంది. ఫార్మ్‌లో రెడ్‌లో ఉంది. మీరు అదే రాసారు."

మా తరం వాళ్ళెవరైనా అయితే, ఆయన్ని అనకుండా ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్ళి చాటుగా మార్పించేవాళ్ళు. ఆ పిల్లకి అలాంటి తెలివితేటలు లేవు. డాక్టరుగారు చీటీ తీసుకుని చూశారు. ఫారం చూశారు. మందు మార్చి రాశారు. మిగిలిన రోగుల్ని పక్క గదిలో డాక్టర్‌కి పంపమని చెప్పి, తిన్నగా నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"పొద్దున చెప్పినవి మళ్ళీ చెబుతాను. ఫోన్ తియ్యి."

చెప్పారు. నేను ఫోన్‌లో ఒక్కొక్కటీ సరిచూశాను.

"ఎన్ని తప్పాను?"

"నాలుగండీ."

"పొద్దున కూడా నాలుగేనా?"

"అవునండీ."

"పోయిన వారం?"

"మూడు."

"అంతకు ముందు?"

"ఒకటి."

ఆయన గట్టిగా అరుస్తారనుకున్నాను. అరవలేదు. కుర్చీ లాక్కుని నా ఎదురుగా, రోగులు కూర్చునే చోట కూర్చున్నారు. "ఆపమన్నాను కదమ్మా. ఎందుకు ఆపలేదు?"

"పెద్దవారు కదా అని..."

"పెద్దవాణ్ణనే కదా నిన్ను ఆపమన్నది!"

అప్పుడు చెప్పారు. వాళ్ళన్నయ్య కూడా డాక్టరే, కాకినాడలో. డెబ్బై దాటాక జ్ఞాపకం జారడం మొదలైంది. అలాగే రెండేళ్ళు ప్రాక్టీసు చేశాడు. కాంపౌండరుకి తెలుసు. భార్యకి తెలుసు. వీధి చివర మందుల షాపువాడికి తెలుసు, వాడు చీటీలు సరిచేసి మందులిచ్చేవాడు. ఆయనకి తప్ప అందరికీ తెలుసు. ఒకరోజు మందుల షాపు మూసి ఉంటే, రోగి ఇంకో షాపుకి వెళ్ళాడు.

"ఆ రోగి?" అన్నాను.

డాక్టరుగారు నా బల్ల మీది ఫ్లాస్కు మూత బిగించారు. "రిటైరయ్యాక ఇక్కడ చూడ్డం మొదలెట్టినప్పుడే అనుకున్నాను. నాకు ఎవరూ చెప్పరు. మనవాళ్ళు అసలు చెప్పరు. అందుకని ప్రతి ఆదివారం పరీక్ష రాసి లోపలికెళ్ళాలి. పదికి రెండు తప్పితే ఆ రోజు రోగిని ముట్టుకోకూడదు."

"కానీ బేస్‌బాల్ ఎందుకండీ?"

ఆ స్థితిలో కూడా ఆయన మొహంలో ఒక ఉత్సాహం కనబడింది. ఎవరైనా అడుగుతారేమోనని మూడేళ్ళుగా ఎదురుచూస్తున్నట్టు. "రోజూ ఉంటుంది, రోజూ మారుతుంది, జవాబు నీ ఫోన్‌లో ఉంటుంది. పాతది పనికిరాదు, పాతది చివరిదాకా ఉంటుంది. కొత్తదే ముందు పోయేది. అన్నిటికన్నా ముఖ్యం, నాకు ఆ ఆట మీద ప్రేమ లేదు. ప్రేమున్న సంగతి బుర్రలో ఎక్కడో అక్కడ అతుక్కుపోతుందమ్మాయ్, దానితో పరీక్ష పెట్టుకోకూడదు."

ఆ మధ్యాహ్నం నేను కారులో కూర్చుని ఏడ్చాను. బ్రేకులు పరీక్షించడం నా వృత్తి. బ్రేకు పట్టకపోతే పట్టలేదని రాసే పనికే నన్ను పెట్టుకున్నారు. మనిషి వచ్చి తననే పరీక్షించమని నిలబడితే పాస్ మార్కులు వేసి పంపాను.

మర్నాడు సాయంత్రం ఆయన, నేను, ఇంకో డాక్టరూ కూర్చుని ఆ మూడు ఆదివారాల ఫైళ్ళన్నీ తీశాం. ఒక్కొక్కరికీ నేనే ఫోన్ చేశాను. ఒక వంటాయన ఒకే మందుని రెండు పేర్లతో రెండు పూటలా వేసుకుంటున్నాడు, కళ్ళు తిరుగుతున్నాయని అప్పుడే అనుకుంటున్నాడట. అది ఆపించాం. మిగతా అందరూ బాగానే ఉన్నారు. చివరి ఫైలు మూసి, డాక్టరుగారు స్టెతస్కోపు మెడలోంచి తీసి ఆ రెండో డాక్టర్ చేతిలో పెట్టారు. "ఇంక నేను రాను" అన్నారు. అతను, అయ్యో అలా అనకండని మొహమాటపడ్డాడు. డాక్టరుగారు నా వైపు చూసి "చూశావా?" అన్నట్టు కనుబొమలెత్తారు.

పరీక్ష మాత్రం ఆపలేదు. శనివారాలు మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళేదాన్ని. తప్పినప్పుడల్లా ఆపాలని ఒట్టు వేయించుకున్నారు. ఆపేదాన్ని. మొదట్లో కష్టమయ్యేది, తరవాత అలవాటైంది. ఒక గళ్ళకాగితం మీద మార్కులు వేసుకునేవారు. పదికి ఏడు, పదికి ఆరు. దిగులు పడతారేమోనని నేను బిక్కుబిక్కుమంటూ కూర్చుంటే, ఆయన ఎవరి కేసో చదువుతున్నంత ఆసక్తిగా ఉండేవారు.

"ఒకటి గమనించావా? సొంతూళ్ళో ఆడినవి గుర్తుంటున్నాయి, బయట ఆడినవి పోతున్నాయి. ఎందుకంటావ్?"

"ఏమోనండీ."

"నాకూ తెలీదు. ఇది ఏ పుస్తకంలోనూ రాయలేదు." అలా అంటున్నప్పుడు ఆయన మొహం చూస్తే, నాకు భయం పోయి, నిజంగానే ఎందుకబ్బా అనిపించేది.

తరవాతి ఏడాది వేసవికి గళ్ళకాగితం ఎక్కడ పెట్టారో మర్చిపోయారు. పరీక్ష సంగతీ మర్చిపోయారు. అప్పుడు జరిగిందో విచిత్రం. ఆయన ఆట చూడ్డం మొదలుపెట్టారు. మధ్యాహ్నం మ్యాచ్ ఉంటే టీవీ ముందు కుర్చీ అంచున కూర్చునేవారు. మనవాడు బంతిని ప్రేక్షకుల్లోకి బాదితే చప్పట్లు కొట్టేవారు. "యాభై ఏళ్ళ కాపురంలో ఈ మనిషి చప్పట్లు కొట్టగా నేను చూళ్ళేదమ్మా" అంది ఆంటీ, ఆయన భార్య. నవ్వుతూనే అంది.

కిందటి సెప్టెంబరులో ఒక శనివారం వెళ్ళాను. నన్ను చూసి "నువ్వా, రా రా" అన్నారు. నా పేరు తెలియదు, కానీ నేను తెలుసు.

"నిన్న గెలిచామా?"

ఒట్టు ఉంది కదా. "ఓడిపోయామండీ."

ఆయన మొహం వాడిపోయింది. ఏడు ఓడినా చెక్కుచెదరని మొహం అది. ఐదు నిమిషాలు కూడా కాలేదు, మళ్ళీ అడిగారు. "నిన్న గెలిచామా?" మళ్ళీ చెప్పాను. మళ్ళీ అంత బాధా కొత్తగా పడ్డారు. మూడోసారి అడిగేసరికి ఆంటీ వంటగది గుమ్మంలోంచి, గెలిచామని చెప్పవే తల్లీ అన్నట్టు చేతులు జోడించింది. నా వల్ల కాలేదు. నేను ఊఁ కొట్టి ఒకసారి చేసిన పాపం చాలు అనుకున్నాను.

"ఓడిపోయామండీ. కానీ రేపు ఇక్కడే ఆట ఉంది, ఒకటిన్నరకి."

"రేపా?" మొహం విచ్చుకుంది. "నువ్వు వస్తావా?"

"వస్తానండీ. కలిసి చూద్దాం."

వెళ్ళలేదు. క్లినిక్ అయ్యేసరికి ఒంటిగంట దాటింది. కూరలు కొనాలి, సోమవారానికి టెస్ట్ రిపోర్టు పూర్తిచెయ్యాలి. పార్కింగ్‌లో కారు స్టార్ట్ చేసి ఒక్క నిమిషం ఆలోచించాను. ఆయనకి ఐదు నిమిషాల కిందటి మాటే నిలవడం లేదు, నిన్నటి నా మాట ఏం గుర్తుంటుందిలే అనుకుని ఇంటికి తిప్పాను. ఆ వారంలోనే వాళ్ళమ్మాయి వచ్చి ఇద్దర్నీ ఎక్కడో దక్షిణాన తన ఊరు అల్ఫారెట్టాకి తీసుకెళ్ళిపోయింది. మళ్ళీ ఆయన్ని నేను చూడలేదు.

మొన్న ఏప్రిల్‌లో నోవై ఇల్లు ఖాళీ చెయ్యడానికి ఆంటీ వస్తే, పెట్టెలు కట్టడానికి సాయం వెళ్ళాను. పుస్తకాలు సర్దుతూ ఆవిడ ఏదో మాట మీద అంది, నిష్ఠూరం ఏమీ లేకుండానే.

"ఆ ఆదివారం నువ్వొస్తావని ఎంత చూశారనుకున్నావ్! అన్నం తిననన్నారు. టీవీ పెట్టబోతే చెయ్యి పట్టుకున్నారు. ఆ అమ్మాయి వస్తానంది, ఒకటిన్నరకి వస్తానంది, కలిసి చూద్దామంది, రానీ అని."

"ఒకటిన్నర అని కూడా చెప్పారా?"

"చెప్పారమ్మా."

"ఎంతసేపు అడిగారు ఆంటీ?"

"ఎంతసేపేంటి తల్లీ, బుధవారం దాకా అడుగుతూనే ఉన్నారు."